గుడేల్ క్రీక్ క్యాంపింగ్: అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్తున్నాం, 395 రోడ్డు వెంట తిరిగినవాళ్లు చెప్పండి

పేట_వాసి | సెప్టెంబర్ 4

అందరికీ నమస్కారం. మేం ఇర్వైన్‌లో ఉంటాం. అమ్మానాన్న గ్రీన్ కార్డు మీద వచ్చి ఈ ఏడాది నుంచి మాతోనే ఉంటున్నారు. నాన్నకి 68, అమ్మకి 63. పిల్లలకి 11, 7. నాన్న నలభై ఏళ్లు సాగర్ కుడికాలువ కింద వ్యవసాయం చేశారు. ఇక్కడికొచ్చాక రోజంతా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని పార్కింగ్ లాట్ చూస్తున్నారు. నాకు అది చూడ్డం కష్టంగా ఉంది.

పేరున్న నేషనల్ పార్కుల్లో చోటు దొరకలేదు. ఆఫీసులో ఒకాయన తూర్పు కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీలో గుడేల్ క్రీక్ అనే చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉందని చెప్పాడు. రిజర్వేషన్ ఉండదట, ముందు వచ్చినవాళ్లకి ముందు. ఫొటోలు చూస్తే ఎడారిలా ఉంది. పెద్దవాళ్లని అలాంటి చోటికి తీసుకెళ్లొచ్చా? అక్టోబర్ మొదటి వారాంతం అనుకుంటున్నాం, రెండు రాత్రులు. ఇంతకుముందు మేం ఎప్పుడూ టెంట్‌లో పడుకోలేదు. కాస్త టెన్షన్‌గా ఉంది.

---

కొండవాగు | సెప్టెంబర్ 4

పేట_వాసి గారూ, తప్పకుండా తీసుకెళ్లండి. ఆ లోయకి నేను పన్నెండేళ్లుగా వెళ్తున్నాను. మీ నాన్నగారిలాంటి మనిషికి నేషనల్ పార్కు కన్నా అదే నచ్చుతుందని నా నమ్మకం.

ముందు అక్కడి నేల ఎలా ఉంటుందో చెప్తాను. పడమర సియెర్రా నెవాడా, తూర్పున ఇన్యో కొండలు, మధ్యలో సన్నటి లోయ, లోయ పొడవునా 395 రోడ్డు. క్యాంప్‌గ్రౌండ్ ఉన్నది దాదాపు 4,000 అడుగుల ఎత్తులో. అక్కడ నిలబడి పడమరకి చూస్తే కొండలు ఒక్కసారిగా ఇంకో తొమ్మిదివేల అడుగులు పైకి లేస్తాయి, మధ్యలో చిన్న గుట్టలంటూ ఏమీ ఉండవు. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలన్నీ ఆ గోడకి అవతలే కురిసేస్తాయి. ఇవతల ఇండిపెండెన్స్ ఊళ్లో ఏడాది మొత్తానికి పడేది 5 అంగుళాలు. మన అనంతపురంలో కురిసే దాంట్లో పావు వంతు అనుకోండి.

మరి వాగు ఎక్కడిది అంటే, పైన పడ్డ మంచుది. కరిగి, లోతైన లోయల్లోంచి దూకి, కొండ పాదం దగ్గర రాళ్లూ గులకా పరిచిన వాలు మీదికి వస్తుంది. ఆ వాలులో చాలా నీళ్లు భూమిలోకే ఇంకిపోతాయి. మిగిలిన నీటి పాయ వెంట విల్లో పొదలు, అక్కడక్కడ కాటన్‌వుడ్ చెట్లు ఒక పచ్చటి గీతలా ఉంటాయి. ఆ గీత నుంచి నాలుగడుగులు పక్కకి వేస్తే ఎండిన తుప్పలూ ఇసుకా. పచ్చదనానికీ ఎడారికీ మధ్య అంత సన్నటి హద్దు నేను ఇంకెక్కడా చూడలేదు.

సౌకర్యాల సంగతి. బల్ల, మంట వేసుకునే ఇనుప రింగు, గుంట మరుగుదొడ్లు ఉంటాయి. సీటు ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నా ఇబ్బంది లేదు, కానీ ఫ్లష్ ఉండదు. కుళాయి లేదు, స్నానాల గది లేదు, కరెంటు లేదు. తాగే నీళ్లు మొత్తం మీరే తీసుకెళ్లాలి. మనిషికి రోజుకి ఒక గాలన్ లెక్క వేయండి, ఆరుగురికి రెండు రోజులకి 12, పైన ఇంకో 4. గాలి చాలా పొడిగా ఉంటుంది, దాహం తెలియదు కానీ పెదాలు పగులుతాయి. పెద్దవాళ్ల చేత గంటకోసారి తాగించండి.

రుసుము చాలా తక్కువ. డబ్బు కవర్లో పెట్టి ఇనుప గొట్టంలో వేయాలి, చిల్లర నోట్లు ఉంచుకోండి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకుంటే మంచి చోటు దొరుకుతుంది.

---

రెండో_షిఫ్ట్ | సెప్టెంబర్ 4

ఒక చిన్న మాట. మీ నాన్నగారికి, అమ్మగారికి ఇద్దరికీ 62 దాటాయి, గ్రీన్ కార్డు ఉంది. అంటే ఫెడరల్ సీనియర్ పాస్‌కి అర్హులు. జీవితాంతం పనిచేసే పాస్ 80 డాలర్లు, ఏడాదిది 20. నేషనల్ పార్కుల్లో ఆ కారులో ఉన్న అందరికీ ప్రవేశ రుసుము ఉండదు. ఇలాంటి ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటికి సగం డబ్బే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇవ్వరు, పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. మన వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

---

కరీంనగర్_బిడ్డ | సెప్టెంబర్ 5

అన్నా, నేను కొంచెం వేరే మాట చెప్తా, తప్పుగా అనుకోకండి. పెద్దోళ్లతో మొదటిసారే టెంట్ వద్దు. అదే లోయలో ఉన్న లోన్ పైన్ ఊళ్లో గది తీసుకుని పగలు వాగు దగ్గర గడపండి.

ఎందుకంటే గాలి. పోయిన ఏప్రిల్‌లో మేం నలుగురం దోస్తులం అదే లోయలో ఇంకో వాగు పక్కన టెంట్లు వేసినం. సాయంత్రం దాకా ఆకు కూడా కదల్లేదు. చీకటి పడ్డాక కొండ మీంచి కిందికి గాలి మొదలైంది. అరగంటలో టెంట్ కర్రలు రెండు విరిగిపోయినయి. ఇసుక మీద కొట్టిన మేకులు ఊడిపోయినయి. రాత్రంతా కార్లో కూర్చుని పొద్దున ఐదింటికి తిరుగుప్రయాణం. మేం పాతికేళ్లోళ్లం కాబట్టి సరిపోయింది. అరవై దాటినోళ్లయితే ఏం కావాలె?

---

కొండవాగు | సెప్టెంబర్ 5

కరీంనగర్_బిడ్డ చెప్పింది అక్షరాలా నిజం. మొదటి పోస్టులోనే నేను చెప్పాల్సింది. పడమటి గాలి సియెర్రా శిఖరాన్ని దాటి ఇవతలికి జారేటప్పుడు అలలా కిందికి దూకుతుంది. ఆకాశంలో గుర్తు కూడా ఉంటుంది. శిఖరాల మీదో లోయ మీదో, పళ్లెం బోర్లించినట్టు నున్నటి మేఘం కదలకుండా నిలబడిందంటే పైన గాలి బలంగా ఉందని. తుఫాను వచ్చే ముందు రోజు ఇది ఎక్కువ.

అయితే టెంట్ వద్దనడం మాత్రం నేను ఒప్పుకోను, జాగ్రత్తపడితే చాలు. బయల్దేరే రోజు పొద్దున వాతావరణ శాఖ సూచన చూడండి. గాలి హెచ్చరిక ఉంటే వారం వాయిదా వేయండి, రిజర్వేషన్ లేదు కాబట్టి పోయేదేమీ లేదు. పొడవాటి ఇనుప మేకులు కొనండి, టెంట్‌తో వచ్చే సన్నటి మేకులు ఆ గులక నేలలో నిలవవు. తాళ్లని పెద్ద రాళ్లకి కట్టండి. కారుని టెంట్‌కి పడమర వైపు అడ్డంగా నిలపండి. ముఖ్యంగా పెద్దవాళ్లిద్దరికీ వ్యాన్‌లో సీట్లు మడిచి పడక సిద్ధంగా ఉంచండి. గాలి లేకపోతే టెంట్, లేస్తే వ్యాన్.

---

ఫ్రీమాంట్_అక్క | సెప్టెంబర్ 6

తమ్ముడూ, మా అత్తయ్యగారిని 71 ఏళ్ల వయసులో ఇదే లోయకి తీసుకెళ్లాను. ఆవిడని అడిగితే ఇప్పటికీ ఆ ప్రయాణం గురించే చెప్తారు. నేల మీద పరుపు వేయకు, లేవలేరు. మడత మంచాలు రెండు కొను. నేల చలి మంచం కిందనుంచి వస్తుంది, దాని మీద ముందు ఒక రగ్గు, తర్వాత బొంత. అక్టోబర్ మొదట్లో పగలు చొక్కాతో తిరగొచ్చు, తెల్లవారుజామున మాత్రం స్వెటరూ, చెవులకి టోపీ కావాలి. పగటికీ రాత్రికీ ముప్పై ఫారెన్‌హీట్ డిగ్రీలు పైనే తేడా ఉంటుంది.

వంట గురించి. మొదటి రాత్రికి వండే పని పెట్టుకోవద్దు. పులిహోర, దద్దోజనం ఇంట్లోనే చేసుకెళ్లండి, ఇడ్లీ పిండి ఐసు పెట్టెలో. రెండో రోజు పప్పన్నం వండుకోవచ్చు కానీ కుక్కర్ తప్పనిసరి. 4,000 అడుగుల దగ్గర నీళ్లు 96 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. కుక్కర్లో మామూలు కన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ ఇంట్లోనే తరిగి డబ్బాల్లో పెట్టుకుంటే గాలిలో ఇబ్బంది ఉండదు.

రాత్రి పడుకునే ముందు ఆహారం మొత్తం, ఖాళీ గిన్నెలతో సహా, కారులో పెట్టి తాళం వేయాలి. కాకుల్లాంటి రేవెన్లు జిప్పులు కూడా లాగుతాయి. నక్కల్లాంటి కయోటీలు వస్తాయి. ఎలుగుబంట్లు ఎక్కువగా పై క్యాంపుల దగ్గరే, కిందికి రావని మాత్రం అనుకోవద్దు. అక్కడ ఆహారం దాచే ఇనుప పెట్టె ఉంటే కారు కన్నా అదే మంచిది.

---

చుక్కల_లెక్క | సెప్టెంబర్ 7

తేదీ చాలా బాగా ఎంచుకున్నారు. మహాలయ అమావాస్య వెళ్లిన రెండు మూడు రోజులకి వెళ్తున్నారు. సన్నటి నెలవంక చీకటి పడేలోపే కొండ వెనక్కి దిగిపోతుంది. క్యాంపింగ్‌కి వెళ్లే ముందు నేను చూసేది పంచాంగమే.

మీ నాన్నగారికి చుక్కలు గుర్తుంటే ఒక విషయం చూపించండి. నరసరావుపేట దగ్గర ధ్రువనక్షత్రం ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, ఇంచుమించు తాటిచెట్ల తలల మీద. గుడేల్ క్రీక్ దగ్గర 37 డిగ్రీలు, రెండింతల కన్నా ఎక్కువ. అదే కారణంగా వృశ్చికం ఇక్కడ బాగా కిందికి దిగి కనిపిస్తుంది. మన ఊళ్లో జ్యేష్ఠ నడినెత్తికి సగం దాటి వెళ్తుంది కదా, ఇక్కడ ఎంత పైకి వచ్చినా 27 డిగ్రీలు దాటదు. అక్టోబర్‌లో చీకటి పడేసరికే అది సియెర్రా అంచుకి చేరుతుంది, త్వరగా చూడండి. శ్రవణం, అభిజిత్తు నెత్తి మీద. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇన్యో కొండల మీంచి కృత్తికలు లేస్తాయి, ఇంకో గంటకి రోహిణి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వాడండి, తెల్ల లైటు ఒక్కసారి కంట్లో పడితే చీకటికి అలవాటు పడటానికి మళ్లీ ఇరవై నిమిషాలు.

---

పేట_వాసి | సెప్టెంబర్ 9

అందరికీ ధన్యవాదాలు. కరీంనగర్_బిడ్డ తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే గాలి సంగతి మాకు తట్టేదే కాదు. వ్యాన్ అద్దెకి తీసుకుంటున్నాం.

ఇంకో మూడు సందేహాలు. వాగులో గిన్నెలు కడుక్కోవచ్చా? ఏడేళ్ల పాపని వాగు దగ్గర ఆడుకోనివ్వచ్చా? అమ్మ నవరాత్రుల్లో దీపం మానదు. అక్కడ దీపం పెట్టొచ్చా?

---

కొండవాగు | సెప్టెంబర్ 9

వాగులో గిన్నెలు వద్దండీ, దయచేసి. సబ్బు మంచిదని రాసి ఉన్నా వద్దు. గిన్నెతో నీళ్లు ముంచుకుని వాగుకి 200 అడుగుల దూరం వెళ్లి కడగండి. మెతుకులు జల్లెడ పట్టి చెత్త సంచిలో వేయండి, జిడ్డు నీళ్లు ఒకే చోట కాకుండా చల్లండి. ఆ వాగు వెడల్పు రెండు బారలు. మన పప్పు నూనె దానికి చాలా ఎక్కువ. కింద దాన్ని నమ్ముకుని చేపలు, పిట్టలు, జింకలు ఉన్నాయి. నీళ్లు అద్దంలా ఉన్నా పచ్చివి తాగకండి, కడుపు చెడగొట్టే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. తాగాల్సి వస్తే ఒక నిమిషం తెర్లించాలి, 6,500 అడుగుల పైన అయితే మూడు నిమిషాలు.

పాప ఆడుకోవచ్చు. అక్టోబర్‌లో నీళ్లు తక్కువ, మోకాలి లోపే. కానీ మీరు పక్కనే ఉండండి. చల్లదనం చాలా ఎక్కువ. గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు, విషం ఉన్నవి) ఎండ తగ్గాక రాళ్ల పక్కన ఉంటాయి, చెయ్యి కనపడని సందులో పెట్టొద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పండి.

వాగు విషయంలో నాకున్న భయం వేరే. 2007 జూలైలో ఇండిపెండెన్స్ పడమర కొండలు పిడుగుల వల్ల తగలబడ్డాయి. మరుసటి ఏడాది, 2008 జూలై 12న, ఆ కాలిన వాలు మీద ఒక్క ఉరుముల వాన పడింది. ఓక్ క్రీక్ బురదా, బండలూ, మొద్దులతో కిందికి వచ్చి ఇళ్లని, 1917 నాటి చేపల హేచరీ కట్టడాల్లో కొన్నిటిని ముంచేసింది. అడుగు లోతున్న వాగు అది. 2019 సెప్టెంబర్‌లో మీరు వెళ్తున్న చోటికి పక్క వాగు తబూస్ దగ్గర పిడుగు పడి 10,000 ఎకరాలు పైగా కాలింది. అందుకే కొండ మీద నల్లమబ్బు కనిపిస్తే మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, వాగు పక్కన ఉండకండి, గట్టు ఎక్కండి. నీళ్ల రంగు మారినా, కర్రా చెత్తా కొట్టుకొచ్చినా సామాను వదిలేసి రండి.

---

ఫ్రీమాంట్_అక్క | సెప్టెంబర్ 9

దీపం సంగతి నేను చెప్తాను. ముందు గేటు దగ్గర బోర్డు చదవండి. మంటలు నిషేధమని ఉంటే వత్తి దీపం కూడా మంటే. అలా ఉంటే బ్యాటరీ దీపం పెట్టమనండి, అమ్మవారు ఏమీ అనుకోరు. అనుమతి ఉంటే ఆ ఇనుప రింగు లోపల, గాలి లేనప్పుడు, గాజు చిమ్నీ ఉన్న లాంతరులో పెట్టి, ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి. ఆ గడ్డి ఎంత ఎండి ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. కట్టెలు ఇర్వైన్ నుంచి తీసుకెళ్లొద్దు, వాటిలో పురుగులుంటే అక్కడి చెట్లకి పట్టుకుంటాయి. బిగ్ పైన్‌లోనో లోన్ పైన్‌లోనో కొనండి.

---

పాత_పటం | సెప్టెంబర్ 11

పేట_వాసి గారి నాన్నగారు కాలువ కింద రైతు అని చదివి రాస్తున్నాను. ఆయనకి ఈ లోయ కథ చెప్పండి.

ఇక్కడి మూలవాసులు, న్యూము ప్రజలు, ఈ లోయని పయహూనడూ అంటారు. నీళ్లు పారే నేల అని అర్థం. వాళ్లు వాగులకి అడ్డకట్టలు వేసి, మట్టి కాలువలు తవ్వి, గడ్డల మొక్కలకి నీళ్లు పెట్టేవాళ్లు. వాటిలో ఒకటి తబూస్. పక్క వాగుకి ఆ పేరే మిగిలింది. అదేమిటో తెలుసా? తుంగ. మన పొలాల్లో పీకి పారేసే తుంగ జాతికి చెందినదే, కాకపోతే దీని గడ్డ తియ్యగా ఉంటుంది.

తర్వాత వచ్చిన తెల్లజాతి రైతులు ఆ నీళ్లు ఆక్రమించుకుని తోటలు వేశారు. ఆపైన లాస్ ఏంజెలిస్ నగరం ఇక్కడి భూములూ నీటి హక్కులూ కొనుక్కుంటూ వచ్చి, 1913లో 233 మైళ్ల కాలువ పూర్తి చేసింది. దారిలో ఒక్క పంపు కూడా లేదు, నీళ్లు మొత్తం వాలు మీదే పోతాయి. పదమూడేళ్లు తిరిగేసరికి ఓవెన్స్ సరస్సు ఎండిపోయి దుమ్ము లేవడం మొదలైంది. 1924 మేలో కొందరు కాలువని డైనమైట్‌తో పేల్చారు. ఆ నవంబర్‌లో లోయ జనం లోన్ పైన్ ఉత్తరాన ఉన్న అలబామా గేట్ల దగ్గరికి వెళ్లి, తూములు తెరిచి, నాలుగు రోజులు నీళ్లని నదిలోకి వదిలి అక్కడే కూర్చున్నారు. ఓవెన్స్ నది నీళ్లు కాలువలోకి మళ్లే చోటు మీ క్యాంప్‌కి కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది.

సమయం ఉంటే ఇండిపెండెన్స్ దాటాక 6 మైళ్లకి మాంజనార్ వస్తుంది. 1942 నుంచి 1945 వరకు పదివేలకి పైగా జపనీస్ అమెరికన్లని ముళ్లకంచె వెనక ఉంచిన చోటు. వాళ్లు అక్కడ కూడా తోటలూ చిన్న కొలనులూ కట్టుకున్నారు, ఇప్పుడు వాటిని మళ్లీ తవ్వి తీశారు.

ఇంకొకటి, మళ్లీసారి కోసం. లోన్ పైన్ పైన టటిల్ క్రీక్ లోయలో రాళ్లతో కట్టిన ఒక ఆశ్రమం ఉంది. శంకరాచార్యుల అద్వైతం చదివి జీవితమే మార్చుకున్న ఫ్రాంక్లిన్ మెరెల్-వుల్ఫ్ అనే అమెరికన్, ఆయన భార్య, శిష్యులు కలిసి ఏళ్ల తరబడి రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. కాలిబాట కష్టమే, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. నేను వెళ్లినప్పుడు ఆ రాతి గది కిటికీలోంచి వాగు చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాను.

---

పేట_వాసి | అక్టోబర్ 8

వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, టెంట్‌లోని ఇసుక దులపడానికే రెండు రోజులు పట్టింది.

శుక్రవారం రెండున్నరకి చేరుకున్నాం. 395 దిగి ఆబర్డీన్ దగ్గర పడమరకి తిరగ్గానే నాన్న, "ఇక్కడ ఏముందిరా, బీడు భూమి" అన్నారు. నాకు గుండె జారింది. కారు ఆపాక మాత్రం ఆయన ఎవరికోసమూ ఆగలేదు, చప్పుడు వినిపిస్తున్న వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు. నేను సామాను దించి వెళ్లేసరికి వాగు పక్కన రాయి మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టి ఉన్నారు. "రెండు బోర్ల నీళ్లుంటాయి. అక్టోబర్‌లో, వాన లేకుండా. ఎక్కడివి?" అని అడిగారు. కొండవాగు గారు చెప్పినట్టు పైన మంచు సంగతి చెప్పాను. చాలాసేపు కొండనే చూశారు.

అమ్మకి వేరే అనుభవం. టెంట్ పక్కన బూడిద రంగు తుప్ప ఒకటి చేతికి తగిలితే వాసన చూసి, "ఇది దవనం!" అంది. కాదమ్మా, సేజ్‌బ్రష్ అంటారు అన్నాను. ఒప్పుకోలేదు. ఫోన్‌లో సిగ్నల్ దొరికాక చూస్తే, దవనమూ ఇదీ ఒకే కుటుంబమట, రెండూ ఆర్టెమీసియాలే. ఆ తర్వాత రెండు రోజులూ ప్రతి తుప్పనీ నిమిరి చేతులు వాసన చూసుకుంది. కోయలేదు, కోయొద్దని నేను ముందే చెప్పాను.

ఐదు దాటగానే కొండ నీడ మా మీద పడింది. ఎదురుగా ఇన్యో కొండలు మాత్రం ఇంకో గంట ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. అగ్ని నిషేధం బోర్డు ఉంది, అమ్మ బ్యాటరీ దీపం పెట్టి లలితా సహస్రనామం చదువుకుంది. చదువుతున్నంతసేపూ వాగు చప్పుడు.

రాత్రి ఒంటిగంటకి గాలి వచ్చింది. ముందు పైన ఎక్కడో లారీ వస్తున్నట్టు శబ్దం, తర్వాత టెంట్ ఒక పక్కకి వంగిపోయింది. మా టెంట్ పొడవాటి మేకుల వల్ల నిలిచింది. అమ్మానాన్నలది స్నేహితుడి దగ్గర అరువు తెచ్చింది, దాని కర్ర ఒకటి విరిగింది. వాళ్లని వెంటనే వ్యాన్‌లోకి మార్చాం, పడక సిద్ధంగానే ఉంది. పాప ఏడ్చింది, అరగంటకి వాళ్ల నాయనమ్మ పక్కన పడుకుంది. మూడింటికి గాలి ఆగిపోయింది. ఆ పడక లేకపోతే ఆ రాత్రి ఎలా గడిచేదో నాకు తెలియదు. కరీంనగర్_బిడ్డ తమ్ముడికి, కొండవాగు గారికి ఇద్దరికీ మా ఇంట్లో అందరి తరఫునా నమస్కారాలు.

గాలి ఆగాక నాన్న బయటికి వచ్చి నన్ను లేపారు. ఆకాశం అలా ఉంటుందని నా పిల్లలకే కాదు, నాకూ తెలియదు. మృగశిర, ఆరుద్ర పైకి వచ్చేసి ఉన్నాయి. నాన్న ధ్రువుడి కోసం కింద వెతుకుతున్నారు, ఇంకా పైకి చూడమన్నాను. "ఇంత పైకొచ్చాడా? అయితే మనం నిజంగానే చాలా దూరం వచ్చాం" అన్నారు. వచ్చి ఏడు నెలలైంది, ఊరు ఎంత దూరమో ఆయన నోటి వెంట వినడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున పిల్లలు ఆ పక్కన గడ్డకట్టిన నల్లటి లావా దిబ్బలు ఎక్కారు. బ్లేడులా కోస్తుంది ఆ రాయి, బూట్లు తప్పనిసరి. నాన్న తడి గట్టు మీద తుంగ కోసం వెతికారు. తబూస్ క్రీక్ దగ్గర ఒకచోట మూడు పలకల కాడ ఉన్న గడ్డి కనిపించింది. కాడని వేళ్ల మధ్య తిప్పి చూసి, "తుంగే. దీన్ని పీకించడానికి కూలీలకి ఎంత పోశానో" అన్నారు. అది పాత_పటం గారు చెప్పిన మొక్కేనా అన్నది నేను ఖాయంగా చెప్పలేను. నాన్నకి మాత్రం సందేహం లేదు.

తర్వాత ఆయన అడిగారని రోడ్డు అవతలికి వెళ్లి కాలువ చూశాం. అక్కడ అది మట్టి కాలువే, సిమెంటు లేదు. వంతెన మీద నిలబడి గట్టు, నీటి వేగం, వాలు అన్నీ చూశారు. సాగర్ కాలువలో చివరి భూములకి నీళ్లు రాని సంవత్సరాలు ఆయన చాలా చూశారు. మేం చిన్నప్పుడు రాత్రిళ్లు టార్చి పట్టుకుని తూము దగ్గర కాపలాకి వెళ్లేవారు. 1924 సంగతి చెప్తే నాలుగు రోజులూ అక్కడే కూర్చున్నారా అని రెండుసార్లు అడిగారు. "మరి ఇప్పుడు వాళ్ల పొలాలేవి?" అన్నారు. చుట్టూ చూపించాను. తుప్పలు, అక్కడక్కడ వరసగా ఎండిన పాత చెట్లు. ఆయన ఇంకేమీ అనలేదు. కారెక్కాక, మా ఇంట్లో కుళాయిలో వచ్చేవి ఈ నీళ్లేనా అని అడిగారు. ఇర్వైన్‌కి ఈ కాలువ రాదు, వేరే చోటినుంచి వస్తాయి అన్నాను. "అదీ ఎవరిదో ఒకరిదే కదా" అన్నారు.

పప్పు మూడు విజిల్స్ ఎక్కువ పెట్టినా కొంచెం పలుకుగానే ఉంది అక్కా. ఆవకాయతో అందరం రెండోసారి పెట్టించుకుని తిన్నాం.

---

కరీంనగర్_బిడ్డ | అక్టోబర్ 8

అన్నా, పొద్దున బస్సులో చదివిన. మా నాయిన గుర్తొచ్చిండు. డిసెంబర్‌లో ఆయన వస్తున్నడు, చలిలో తీసుకపోవచ్చునా?

---

కొండవాగు | అక్టోబర్ 9

డిసెంబర్‌లో రాత్రిళ్లు నీళ్ల సీసాలు గడ్డకడతాయి, పెద్దవాళ్లతో వద్దు. అప్పుడు లోన్ పైన్‌లో గది తీసుకో, నువ్వు మొదట చెప్పిన పద్ధతే. మంచు కప్పిన సియెర్రా మీద పొద్దుటి ఎండ పడటం గది ముందు నిలబడే చూడొచ్చు. బే ఏరియా నుంచి వచ్చేవాళ్లకి ఆ నెలల్లో సియెర్రా దాటే కొండదారి టియోగా పాస్ మూసి ఉంటుంది, బేకర్స్‌ఫీల్డ్ మీదుగా చుట్టి రావాలి.

---

పేట_వాసి | అక్టోబర్ 9

కొండవాగు గారూ, నాన్న పక్కనే ఉన్నారు, ఒక్కటి అడగమంటున్నారు. ఆ వాగు నిండుగా పారేది ఏ నెలలో?

---

కొండవాగు | అక్టోబర్ 9

మే చివర, జూన్ మొదట్లో. మంచు బాగా పడిన ఏడాదైతే జూలై దాకా. మధ్యాహ్నం కరిగిన నీళ్లు కిందికి చేరేసరికి రాత్రి అవుతుంది, అందుకే సాయంత్రం ఒక గుర్తు రాయి పెట్టి తెల్లారి చూస్తే నీటిమట్టం మారి ఉంటుంది. అప్పుడు మాత్రం పాపని ఒంటరిగా గట్టు దగ్గరికి పంపొద్దు.

---

పేట_వాసి | అక్టోబర్ 9

చదివి వినిపించాను. గుర్తు రాయి ఎక్కడ పెట్టాలో తనకి తెలుసంటున్నారు. మే చివరి వారానికి సెలవు పెట్టేస్తున్నాను.